విదేశంలో బోధన, కందిలో బాధ్యత
(కందిలో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశానికి వెళ్లి స్వచ్ఛందంగా పాఠాలు చెప్పాలని, శని ఆదివారాల్లో ఆ దేశం చూడాలని మన యువతలో కొందరు కోరుకుంటున్నారు. మంచి కోరికే. అయితే వేతనం లేని బోధనకూ అనేక దేశాల్లో పర్యాటక వీసా చాలదు. ముందుగా విచారించుకోండి.

అమెరికాలోని తెలుగువారిని చూడండి. 2007లో ప్రారంభమైన సిలికానాంధ్ర మనబడిలో ఉద్యోగస్థులైన తల్లిదండ్రులు తమ వారాంతపు విశ్రాంతిని వదులుకొని పిల్లలకు తెలుగు నేర్పుతున్నారు. వారం వారం తప్పక రావడమే వారి బలం.

మరి మన సంగతి? కందిలో ఐఐటీ ఉన్నది. పక్కనే పటాన్‌చెరు కర్మాగారాలకు బీహారు, ఒడిశాల నుండి వచ్చిన కార్మికుల పిల్లల్లో కొందరు తెలుగు రాక బడికి దూరమవుతున్నారు. ఉర్దూ, హిందీ, తెలుగు తెలిసిన మీకంటే తగిన గురువులు వారికెవరు?

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. వయోధ్రువపత్రం లేదని ప్రవేశం నిరాకరించరాదని 14వ సెక్షన్, వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతున్నాయి. ఆ తరువాత కూడా, గుమాస్తాగా నేను ఒక తండ్రిని పుట్టినతేదీ పత్రం తెమ్మని తిప్పి పంపాను. నిబంధన చదివి వెదికేసరికి ఆయన ఊరు విడిచాడు. ఆ బిడ్డ చదివిందో లేదో నేటికీ తెలియదు.

విదేశానికి తప్పక వెళ్లండి. వెళ్లేలోగా ప్రతి ఆదివారం రెండు గంటలు ఈ పిల్లలకివ్వండి. ఒక్కొక్కరు ఒక్క బిడ్డను బడిలో చేర్చండి. అదే నా విన్నపం.