చెయ్యి పట్టుకునే ముందు



గ్లకోమాతో నా చూపు చాలావరకు పోయాక, ఇంట్లోవాళ్ళు నన్ను స్టవ్ దగ్గరకు రానివ్వలేదు. అది ప్రేమే. కానీ కూర్చుని కూర్చుని కాఫీ కలుపుకోవడం కూడా మరిచిపోయాను.

1890లో ఆక్లండ్‌లో మొదలైన సంస్థే ఈనాటి బ్లైండ్ లో విజన్ న్యూజీలాండ్. అక్కడి శిక్షకురాలు మా ఇంటికొచ్చి స్టవ్ నాబ్‌ల మీద వేలికి తగిలే చుక్కలు అంటించారు. తెల్లకర్రతో బస్‌స్టాపుదాకా నడవడం నేర్పారు. కొన్నాళ్ళకు మా ఆవిడకు నేనే కాఫీ కలిపి ఇచ్చాను. ఆవిడ ఏడ్చింది, నేను నవ్వాను.

ఈ సంస్థకూ మన భాషకూ పాత చుట్టరికం ఉంది. 1915లో గల్లిపోలీ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న క్లూతా మెకెంజీ దీన్ని చాలా ఏళ్ళు నడిపారు. తర్వాత యునెస్కో తరఫున బ్రెయిల్ లిపుల ఏకీకరణకు పాటుపడ్డారు. 1951లో కుదిరిన భారతి బ్రెయిల్‌లోనే మన తెలుగూ ఉంది.

మీ ఇంట్లో పెద్దలకు చూపు తగ్గుతుంటే దాచకండి, డాక్టరును అడగండి. వాళ్ళ పనులన్నీ మీరే చేసిపెట్టకండి, చేసుకోవడం నేర్చుకోనివ్వండి.

నన్ను నడిపించాలనుకుంటే చెయ్యి పట్టి లాగకండి. అడగండి చాలు, మీ మోచెయ్యి నేనే పట్టుకుంటాను.