వంట నేర్పేవారు దగ్గర్లోనే ఉన్నారు

వంట, బేకరీ పని నేర్చుకోవాలని ఉన్నా ఎక్కడికి వెళ్లాలో తెలియక చాలామంది ఆగిపోతుంటారు. దారులు మన దగ్గర్లోనే ఉన్నాయి.

గ్రామీణ యువత కోసం బ్యాంకులు జిల్లాల్లో స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు నడుపుతున్నాయి. అక్కడ శిక్షణతోపాటు భోజనం, వసతి కూడా ఉచితం. వివరాలు మీ బ్యాంకు శాఖలో అడగండి. చాలా కృషి విజ్ఞాన కేంద్రాల్లో పచ్చళ్లు, చిరుధాన్యాల బిస్కెట్లు చేయడం నేర్పుతారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ కూడా జొన్న, రాగి, కొర్రలతో చేసే పదార్థాలపై శిక్షణ ఇస్తుంది.

ప్రైవేటు తరగతిలో చేరేముందు కొన్ని సంగతులు కనుక్కోండి. పిండి మన చేత కలిపిస్తారా, చేసి చూపించి వదిలేస్తారా? ఒక్కో బ్యాచ్‌లో ఎందరుంటారు? సరుకుల ఖర్చు ఫీజులోనే కలిసి ఉందా? కేకుకు కొలతే ప్రాణం. గ్రాముల్లో తూచడం, ఓవెన్‌ను ముందే వేడిచేయడం దగ్గరుండి నేర్పే గురువును ఎంచుకోండి.

పిల్లలకైతే వేసవి శిబిరాలు అనువైనవి. చిన్నవారికి మొదట పొయ్యితో అవసరం లేని పనులు చాలు: నిమ్మరసం కలపడం, చపాతీ పిండి తడపడం, లడ్డూలు చుట్టడం. పొయ్యి దగ్గర పెద్దలు తప్పక ఉండాలి. పాలు, గుడ్డు, వేరుశనగ పడని పిల్లలైతే ఆ మాట ముందే చెప్పండి.

ఆడపిల్లలతోపాటు మగపిల్లలనూ పంపండి. తన అన్నం తాను వండుకోగలగడం అందరికీ కావలసిన చదువు.