రెండు కుంపట్ల యింటికి ఉమ్మడి గాదె



ఒకే యింట ఇరువురు అన్నదమ్ములు వేరు కుంపట్లు పెట్టుకొని కాపురము చేయుట తెలుగునాట క్రొత్త గాదు. వీథి వాకిలి యొక్కటే, వంటలు వేరు. ఒకే కంప్యూటరున విండోసును, లినక్సును ప్రక్కప్రక్కన నిలుపుకొనుటయు ఇట్టిదే. యంత్రము మేల్కొనగానే తెరపై జాబితా వచ్చును. ఆ పూట ఏ కుంపటి వెలిగింపవలెనో గృహస్థు నిర్ణయించును. దీనిని డ్యూయల్ బూట్ అందురు.

ద్వీపములలోని తెలుగు కుటుంబమునకు రెంటితోను పని పడుట సహజము. తెలుగు సంచికలు అనేకము అను ఫాంట్లతో పేజ్‌మేకరున కూర్పబడినవి. అవి యూనికోడు పద్ధతిలో లేనందున, ఆ ఫాంట్లు లేనిచోట తెరచినచో అర్థములేని గుర్తులే కనబడును. వాటికొరకు విండోసు నుంచుకొనక తప్పదు. మరియొకవంక విండోసు 10కి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రములు అనేకము విండోసు 11 కోరు నియమములకు నిలువవు. అట్టివానిలో అంతర్జాల వ్యవహారమునకు లినక్సే మేలు. సీ-డాక్ సంస్థ 2007లో వెలువరించిన బాస్ కూడ లినక్సు జాతిలోనిదే. అందు తెలుగునకును చోటు గలదు.

కాలక్రమమున పిల్లల ఛాయాచిత్రములతోను, ఉద్యోగపు కాగితముల ప్రతులతోను పాత డిస్కు నిండును. అంతట క్రొత్తది కొందురు. పెట్టెపై 1 టీబీ అని యుండగా విండోసు తెరపై 931 జీబీ యనియే కనబడును. దుకాణదారుపై కోపగించుకొన నక్కరలేదు. తయారీదారు వేయేసి లెక్కను, విండోసు 1,024 చొప్పున లెక్కను పాటించుటయే ఆ తేడాకు కారణము.

డిస్కును బిగించుట చిన్న పని. విద్యుత్తీగ ఊడదీసి, యంత్రపు లోహభాగమును ముట్టి, పిదప చేయి పెట్టిన చాలును. గండము అటుపిమ్మట నున్నది. క్రొత్త డిస్కును విభజించి సిద్ధము చేయునపుడు లినక్సు దానిని ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లతో చూపును. ఇవి యంత్రము డిస్కులను గుర్తించిన వరుసనుబట్టి వచ్చు పేర్లు. నిన్నటి ఎస్‌డీఏ నేడు ఎస్‌డీబీ కావచ్చును. పేరును నమ్మి తుడిచినవాడు పదేండ్ల ఛాయాచిత్రములను ఒక్క మీటతో తుడిచిపెట్టగలడు. పరిమాణముచే పోల్చుకొందమన్నను, రెండును ఒకే పరిమాణము గలవైనచో ఆ ఆధారమును పోవును. కావున బిగించుటకు ముందే డిస్కుపై నున్న క్రమసంఖ్యను కాగితముపై వ్రాసికొని, తెరపై దానితో సరిచూచిన పిదపనే ముందుకు సాగవలెను. విండోసునకు బిట్‌లాకర్ రక్షణ యున్నచో దాని రికవరీ కీయును ఆ కాగితముననే వ్రాసికొనుట మంచిది.

ఈ జాగ్రత్త ఎల్లెడల కావలసినదే యైనను, ద్వీపవాసికి మరింత యవసరము. తుడుపుపడిన డిస్కును చెన్నై నిపుణుల యొద్దకు పంపవలెనన్న దాదాపు 1,370 కిలోమీటర్ల సముద్రము అడ్డముగా నున్నది. ముందుగా ప్రతి తీసికొనకుండుటకు పూర్వము నెమ్మదైన ఉపగ్రహపు లంకె యొక సాకుగా నుండెడిది. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి, 2024లో శ్రీ విజయపురముగా పేరు మారిన పోర్టు బ్లెయిరునకును, మరి కొన్ని ద్వీపములకును సముద్రగర్భపు తంతి ప్రారంభమైనది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. ఇక ఆ సాకు చెల్లదు.

క్రొత్త డిస్కునందు మూడవ కుంపటి పెట్టరాదు. పాత కుంపట్లను కదపను రాదు. దానిని ఉమ్మడి గాదెగా నుంచుట క్షేమము. లినక్సు వారి ఎక్స్‌టీ4 పద్ధతి విండోసునకు సహజముగా తెలియదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిని రెండును చదువును, వ్రాయును. అందుచే గాదెకు ఎన్‌టీఎఫ్‌ఎస్ తగును. అయితే ఒక చిక్కు గలదు. విండోసు నార్పినను, ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటు వలన అది పూర్తిగా ఆరదు. గాదె తాళపుచెవి మొలను దోపుకొని నిద్రించు అన్నవలె నుండును. తమ్ముడు లోపలి ధాన్యమును చూడగలడే గాని, ముట్టలేడు. విద్యుత్తు ఏర్పాట్లలో దానిని మాన్పింపవలెను. లినక్సునందు ఎఫ్‌స్టాబ్ అను పట్టికలో ఈ గాదెను, మారెడి ఎస్‌డీబీ పేరుతో గాక, మారని యూయూఐడీ సంఖ్యతో నమోదు చేయవలెను. నోఫెయిల్ అను మాటను చేర్చినచో, ఎన్నడైన డిస్కు కనబడకున్నను యంత్రము వాకిట నిలిచిపోదు.

గడియారపు తగవు మిక్కిలి చమత్కారమైనది. యంత్రములోని గడియారము స్థానిక కాలమును చూపుచున్నదని విండోసు తలచును. గ్రీన్విచ్ లెక్కయైన యూటీసీని చూపుచున్నదని లినక్సు తలచును. లినక్సు సరిదిద్దిన పిదప విండోసు తెరచిన, గడియారము 5 గంటల 30 నిమిషములు వెనుకబడి యుండును. కాలపు తగవు ద్వీపవాసులకు క్రొత్తది గాదు: భారతకాలము కాకినాడ సమీపమున బోవు 82.5 డిగ్రీల రేఖకు చెందినది. శ్రీ విజయపురము సుమారు 92.7 డిగ్రీల వద్ద నుండుటచే సూర్యుడు అక్కడ గడియారముకన్న 40 నిమిషములు ముందే నడచును. ఆ తేడాతో జీవింపవచ్చును. గాదెలో మాత్రము ఇది హానికరము. క్రొత్త వ్రాతకు పాత సమయము పడును. తేదీనిబట్టి ప్రతులు తీయు సాధనము పాతదానినే క్రొత్తదని భ్రమించి, నిన్న సరిదిద్దిన దస్త్రముపై మొన్నటిదానిని వ్రాయును. లినక్సున టైమ్‌డేట్‌సీటీఎల్ ఆజ్ఞతో యంత్రపు గడియారమును స్థానిక కాలమునకు మార్చిన తగవు తీరును. వేసవిలో గడియారము జరుపు ఆచారము మన దేశమున లేనందున ఇందు కీడు తక్కువ.

తుదకు, విండోసునందు ఒక తెలుగు వ్రాతను గాదెలో నుంచి, యంత్రము నార్పి, లినక్సున దానిని తెరచి, ఒక పంక్తి చేర్చి, మరల విండోసున చూడవలెను. పంక్తియు, సమయమును సరిగా నున్నపుడే పాత డిస్కులోని ఛాయాచిత్రములను క్రొత్తదానికి చేర్చవలెను. వాటికి వేరొక విడి డిస్కుపై ప్రతి యేర్పడువరకు పాతవానిని చెరపరాదు.