ఇంగ్లీషు పీరియడులో శారద

(త్రిపురాంతకంలో ఉపాధ్యాయినులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల చదువంటే మనం బడిలో చేర్పించటం దగ్గరే ఆగిపోతున్నాం. ఈ ప్రాంతంలో అది చిన్న పనేమీ కాదు. పక్కనున్న మార్కాపురం దేశానికి పలకలు పంపిన ఊరు. ఆ పలకలు చేసిన చేతుల్లో పిల్లల చేతులూ ఉన్నాయి కనుకనే 1988లో మొదలైన జాతీయ బాలకార్మిక పథకంలో ఆ పరిశ్రమ చేరింది. అయితే బడికొచ్చిన పిల్లకి పాఠం ఎలా చెబుతున్నారన్నది కూడా హక్కుల ప్రశ్నే. ముఖ్యంగా ఇంగ్లీషు. పదిలో ఇంగ్లీషు తప్పిన మగపిల్లవాడికి మళ్ళీ ఫీజు కడతారు. ఆడపిల్లకి సంబంధం చూస్తారు.

2014లో వచ్చిన పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ అనువాదం ఉండేది. ఇల్లు అలికీ అలికీ తన పేరే మరిచిపోయిన గృహిణి కథ. చివరికి పుట్టిన ఊళ్ళో పాత స్నేహితురాలు చెబితే తను శారదనని తెలుస్తుంది. వరకట్నానికి కాలిపోయిన కోడలి మీద ఇంతియాజ్ ధర్కర్ కవిత కూడా అదే పుస్తకంలో. పాఠ్యపుస్తకాల్లో స్త్రీలు ఎక్కడున్నారని ఏళ్ళ తరబడి అడిగిన మనకి ఇది తక్కువ విషయం కాదు.

మరి తరగతి గదిలో ఏం జరిగింది? నేను కూర్చున్న ఒక తరగతిలో మాస్టారు శారద కథ చదివి, అర్థాలు చెప్పి, గైడు నుంచి జవాబులు రాయించారు. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల, “మా అమ్మని గూడా ఎవురూ పేరుతో పిలవరు సార్” అంది. “ఇంగ్లీషులో చెప్పు” అన్నారాయన. పిల్ల కూర్చుండిపోయింది. ఆయన చెడ్డవారు కాదు, సిలబస్ తరుముతోంది. కానీ ఆ పీరియడు మొత్తంలో కథ అర్థమైనట్టు తెలిసిన మాట అదొక్కటే.

ఇంగ్లీషు వద్దనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. దళిత, పేద తల్లిదండ్రులు దాన్ని కోరుకోవటం న్యాయమే. 2019లో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ వాదోపవాదాలన్నీ మీడియం చుట్టూనే తిరిగాయి. పిల్లకి ఏ భాషలోనైనా నోరు తెరిచే అవకాశముందా అన్నది పక్కకిపోయింది.

2024–25 నుంచి పదికి ఎన్‌సీఈఆర్‌టీ వాచకం వచ్చింది. శారద వెళ్ళిపోయింది. ఇప్పుడు అందులో వల్లి ఉంది. అరవై పైసలు కూడబెట్టి, ఇంట్లో తెలియకుండా ఒక్కతే బస్సెక్కి ఊరు చూసొచ్చిన ఎనిమిదేళ్ళ తమిళ పిల్ల. మన పల్లెల నుంచి హైస్కూలుకి బస్సుల్లో, ఆటోల్లో వచ్చే ఆడపిల్లలకి ఆ ప్రయాణం గురించి చెప్పటానికి ఎంతుంటుందో మీకు నాకన్నా బాగా తెలుసు. ముందు తెలుగులో చెప్పనివ్వండి. వాళ్ళ మాటల్నే నాలుగు ఇంగ్లీషు వాక్యాలుగా మార్చటం నేర్పండి. తప్పులుంటాయి, ఉండనివ్వండి. సత్యవతి గారు కాలేజీలో ఇంగ్లీషు చెబుతూనే తెలుగులో కథలు రాశారు. ఒక భాష రెండోదాన్ని మింగలేదు.

మీరు నడిపే సాయంత్రం ట్యూషన్లలో వారానికో గంట దీనికివ్వండి. ‘ఇల్లలకగానే’ జిరాక్సు ప్రతులు తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. కేంద్రానికొకటి తీసుకెళ్ళండి.