కొండదారి, కెమెరా, మనము

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసినది. కవులింకా వేదిక ఎక్కలేదు. ఈ కాస్త వ్యవధిలో యంత్రాలను గురించి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఫోను మూగబోతే మరమ్మతుకూ, కారు కొనబోతే సలహాకూ మా ఇంటికి వచ్చే మిత్రులే ఈ సభలో సగమున్నారు గనుక మా పిచ్చి ఎట్టిదో కొత్తగా విన్నవించనక్కరలేదు. కెమెరా గాని, రేడియో గాని, ఫోను గాని, విప్పి చూడనిదే మాకు నిద్ర పట్టదు. అయినా ఈ పూట ఏ ఫోను కొనవచ్చునో చెప్పబోము. ఈ సరంజామా అంతా చేతికి వచ్చిన తరువాత ఈ కొండసీమతోనూ ఇక్కడి మనుష్యులతోనూ మన సంబంధము ఎట్లా మారుతున్నదన్నది మా విచారము. కారు అద్దములోనుంచీ ఫోను తెరలోనుంచీ చూసి చూసి, కాపురమున్న ఊళ్ళోనే యాత్రికులమై పోతున్నామేమోనని మా భయము.

మనలను వలస వచ్చినవారంటారు. కొందరిమి వచ్చాము, కొందరిమి ఉన్నచోటనే ఉన్నాము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడేవరకు కోరాపుట్, రాయగడ ప్రాంతాలు మద్రాసు రాజధానిలో విశాఖపట్నం ఏజెన్సీ కిందనే ఉండేవి. విజయనగరం నుంచి రాయగడ మీదుగా రాయపూరుకు రైలుదారి 1931లో పూర్తి అయినాక వర్తకానికి వచ్చినవారు కొందరు. 1960ల్లో జేకేపూరు కాగితపు మిల్లుకూ, సునాబెడ విమానాల ఇంజన్ల కర్మాగారానికీ, 1980ల్లో దామన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీకీ ఉద్యోగాలపై వచ్చినవారు మరికొందరు. ఎట్లా చేరినా, పిల్లలు ఇక్కడ పుట్టారు, పెద్దలు ఇక్కడనే పోయారు. అట్టి మనము ఈ ఊళ్ళను చూసే తీరు సెలవులకు వచ్చిపోయేవారి తీరుగా ఉండరాదు గదా.

మొదట బండి మాట. పండుగలకు స్వగ్రామము పోవడమంటే ఒకప్పుడు రైలో, బస్సో. ఇప్పుడు చాలా ఇళ్ళముందు కారున్నది. 26వ నంబరు జాతీయ రహదారి, పాతవారి నోట ఇంకా 43వ నంబరే, దాని మీద కోరాపుట్ నుంచి సునాబెడ, సెమిలిగూడ, పొట్టంగి, సుంకి దాటి సాలూరు చేరడమంటే దాదాపు మూడువేల అడుగుల ఎత్తునుంచి మైదానానికి దిగడము. సాలూరు లారీల ఊరు. ఏ గేరులో కొండ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది అక్కడి పాత డ్రైవర్ల పాఠము. కొత్త కారుకు తెర ఉన్నది, వెనుక కెమెరా ఉన్నది, పాట పాడుతుంది, చెప్పిన మాట వింటుంది. ఎడతెగకుండా తొక్కి వేడెక్కించిన బ్రేకు మాత్రము ఇవేవీ ఎరుగదు; దాని పట్టు క్రమముగా సడలిపోతుంది. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి న్యూట్రలులో జారనిచ్చే మహానుభావులు మనలోనూ ఉన్నారు. ఇంజను ఆగితే బ్రేకుకు అందే బలమూ, స్టీరింగుకు అందే సాయమూ రెండూ పోతాయి. ఆ మిగిలిన పెట్రోలుతో వారేమి చేసుకుంటారో!

ఇరుకు ఏటవాలు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలని నిబంధన ఉన్నది. 1989 నాటి రోడ్డు నియమాలలో ఉన్నది, 2017లో వాటి స్థానములో వచ్చినవాటిలోనూ ఉన్నది. బరువుతో ఎక్కుతున్న లారీ ఒకసారి ఆగితే మళ్ళీ కదలడము ఎంత కష్టమో ఆలోచిస్తే కారణము బోధపడుతుంది. హారను మోగించి, ఎదుటి డ్రైవరును బెదిరించి ముందుకు దూరేవారికి మాత్రము అది బోధపడదు.

ఇక దారి చూపే ఫోను. ఘాటీలో టవరు అందదు గనుక అది పనిచేయదని కొందరి అపోహ. మన ఉనికిని అది ఉపగ్రహాల సంకేతాలనుబట్టి లెక్కిస్తుంది. దానికి టవరు అక్కరలేదు. టవరుతో పని పటము తెప్పించుకోవడానికే. ఇంట్లోనే పటమును దింపి ఉంచుకుంటే పొట్టంగి మలుపులలోనూ దారి తెలుస్తుంది. అయితే ఆ పటములో రోడ్డు ఖాళీగా ఉన్నదా, కిటకిటలాడుతున్నదా అని చూపే రంగులున్నాయే, అవి ఆ దారిన పోయేవారి ఫోనుల కదలికను చూసి వేసినవి. తలమీద పసుపు బుట్టతో బుధవారము సంతకు నడచిపోయే మనిషి చేతిలో ఫోను లేదు. కనుక ఆ మనిషి పటములో లేదు. రోడ్డు ఖాళీ అని తెర చెప్పినా, మలుపు తిరగగానే ముప్పదిమంది వరుసగా నడుస్తూ ఉంటారు. తెర చెప్పినదానినే నమ్మి బండి తోలేవాడు వారిని అడ్డమనుకుంటాడు. వారు నడిచే దారి మీదికి తానే వచ్చానన్న స్ఫురణ ఉండదు.

మరొక సంగతి చెప్పడానికి పండుగపూట మనసు ఒప్పకున్నా, చెప్పక తప్పదు. రోడ్డుమీద బండి బోల్తా పడితే చుట్టూ చేరినవారిలో చేయి అందించేవారికన్న ఫోను ఎత్తి పట్టేవారు ఎక్కువగా కనిపిస్తున్నారు. రక్తపు మడుగులో ఉన్నవాని బొమ్మ అతని తల్లికి కబురు చేరకముందే నాలుగు జిల్లాలు తిరిగి వస్తున్నది. సాయము చేస్తే పోలీసుల చుట్టూ తిరగాలన్న భయము పూర్వము నిజమే. 2016లో సుప్రీంకోర్టు ఆ భయము తీర్చే మార్గదర్శకాలకు చట్టబలమిచ్చినది. 2019లో మోటారు వాహనాల చట్టములో 134ఏ అనే సెక్షను చేరినది. సదుద్దేశముతో ఆదుకున్నవానిపై కేసు పెట్టరాదు, పేరు చెప్పమని బలవంతపెట్టరాదు. ఎత్తిన ఫోనుతోనే 108కి గాని 112కి గాని పిలుపు పోతుంది. ఆ పనికి ఫోను ఎంత గొప్ప యంత్రమో! మా యువకులు దీనిని గట్టిగా గుర్తుంచుకోవాలి.

కెమెరా సంగతికి వస్తే మా మాట కాస్త పొడుగవుతుంది, మన్నించాలి. ఆగ్ఫా క్లిక్ త్రీ అనే పెట్టె కెమెరా మనలో పెద్దలకు జ్ఞాపకముండవచ్చును, బరోడాలో తయారయ్యేది. ఒక ఫిలిముకు 12 బొమ్మలు. ఆ పన్నెండింటిలో ఒకటి ఖర్చు పెట్టాలంటే ఎదుటివారిని పలకరించి, నిలబెట్టి, నవ్వించి తీయవలసి వచ్చేది. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు ఫిలిము లేని కెమెరా చేశాడు. నాలుగు కిలోలకు కాస్త తక్కువ బరువు. ఒక్క బొమ్మ క్యాసెట్టు టేపుమీదికి ఎక్కడానికి 23 సెకండ్లు. ఈనాడు జేబులోని ఫోను కన్నుమూసి తెరిచేలోగా పది బొమ్మలు తీస్తున్నది. ఖర్చు పోయినది, దానితోపాటు పలకరింపూ పోయినది.

రాయగడ జిల్లాలో చాటికోన బుధవారపు సంత ఎరుగనివారు మనలో ఉండరు. నియమగిరి నుంచి డొంగ్రియా కోందులు పసుపు, అనాస, పనస తెచ్చి అమ్ముతారు. ఆ స్త్రీలు కప్పుకొనే కపడాగండా శాలువ, వారి చేతి కుట్టుపని, 2024లో భౌగోళిక గుర్తింపు పొందినది. వారి ముఖాలకోసము దేశదేశాలనుంచి కెమెరాలు వచ్చేవి. వన్యమృగాలను చూసినట్లు చూస్తున్నారన్న విమర్శ మీద 2012లో ఒడిశా ప్రభుత్వము ఇట్టి తెగల ప్రాంతాలలో యాత్రికులకూ ఛాయాచిత్రాలకూ ఆంక్షలు పెట్టినది. పైవారిని అన్నది సరే, సంతలో కూరగాయలు కొనే మనము? పసుపు బేరమాడుతూనే ముఖముమీద ఫోను పెట్టి, సాయంత్రానికల్లా దానిని బంధువులందరికీ పంపడము లేదా? ఆమె తల పక్కకు తిప్పుకొన్నదంటే వద్దని చెప్పినట్లే. అందుకు భాష రానక్కరలేదు. భాష మాటకు వస్తే, వారి కువి భాష మన తెలుగు శాఖలోనిదే. భాషావేత్తలు గోండి, కువి, తెలుగు భాషలను ఒకే కుదుట చేర్చారు. ముక్కూ ముఖమూ తెలియనివారు కారు, దూరపు చుట్టాలు!

ఒక వాడుకను మేము సూచిస్తాము. అడిగి తీయండి. తీసిన బొమ్మను స్టూడియోలో కాగితముమీద వేయించి, వచ్చే బుధవారము ఆమె చేతికివ్వండి. హైదరాబాదు నుంచో కలకత్తా నుంచో వచ్చినవారికి ఈ అవకాశము లేదు. వారు మళ్ళీ రారు. మనము ప్రతివారమూ అదే సంతకు పోతాము, ఆమె అదే చోట కూర్చుంటుంది.

చివరకు మన ఇంటి బొమ్మలు. పాత ఆల్బములో ఫోటో వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము తెలుగులో ఉండేవి. ఫోను బొమ్మలోనూ తేదీ, అనుమతిస్తే తీసిన చోటు, దాగి ఉంటాయి. కాని వాట్సాపులో బొమ్మగా పంపగానే ఆ వివరాలు రాలిపోతాయి. ఫైలుగా, అంటే డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి. పేరు మాత్రము ఎటూ మనమే రాయాలి. ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ చదువుకుంటున్న మన పిల్లలకు సాలూరు తాతగారి పక్కన నిలుచున్నది ఎవరో చెప్పగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు.

కనుక వచ్చే రెండు ఆదివారములు సాయంత్రము నాలుగు గంటలకు సంఘ భవనములో మా స్కానరు పెట్టుకొని కూర్చుంటాము. పాత ఫోటోలు తీసుకురండి. వాటితోపాటు వాటిలోని మనుష్యులను గుర్తుపట్టగల అమ్మమ్మలనూ తాతగార్లనూ తీసుకురండి. వారు పేర్లు చెబుతారు, పిల్లలు తెలుగులో టైపు చేస్తారు, రాని అక్షరము మేము చూపిస్తాము. మన కొండల తేమకు ఫోటోలు ఆల్బము అట్టకు అంటుకొని ఉంటాయి. దయచేసి వాటిని పీకవద్దు. ఆల్బముతోనే తీసుకురండి, ఎట్లా తీయాలో మేము చూసుకుంటాము.