పెర్ల్ హార్బర్‌ను చదివిన పరిశోధకురాలు

1941 డిసెంబరు 7న అమెరికా నౌకాదళ స్థావరమైన పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి చేసింది. అమెరికాకు ముందస్తు సమాచారం లేదా? ఉంది. చాలా ఉంది. మరెందుకు పసిగట్టలేదు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికారు రాబర్టా వోల్‌స్టెటర్. ఆమె గూఢచారి కాదు, అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థలో పరిశోధకురాలు. ఈ దాడిపై అమెరికా కాంగ్రెస్ జరిపిన విచారణ సంపుటాలను ఓపికగా చదివారు. అసలు సంకేతాలు పనికిరాని సమాచారపు రొదలో మునిగిపోయాయని తేల్చారు. సంతలో మనల్ని ఎవరో పిలిచినా వినపడదు చూడండి, అలాగన్నమాట. అవును, సమాచారం ఉంది. ఏది ముఖ్యమో తెలియలేదు. ఎవరినో ఒకరిని దోషిగా నిలబెట్టకుండా ఆమె ఈ మాట చెప్పారు. అదే నాకు గొప్పగా తోస్తుంది.

ఆమె పరిశోధన 1962లో పుస్తకంగా వచ్చింది. మరుసటి ఏడు దానికి చరిత్ర గ్రంథాలకిచ్చే బాన్‌క్రాఫ్ట్ బహుమతి దక్కింది. నిఘా రంగంపై ఆసక్తి ఉన్న యువతీ యువకులారా, ముందుగా ఈ పుస్తకం చదవండి.