వారసత్వముగా వచ్చిన రివాల్వరు



తాతగారి కాలపు ఇనుపపెట్టె తెఱచినప్పుడు దస్తావేజులతోపాటు తోలుసంచిలోనున్న రివాల్వరు ఒకటి బయటపడుట, సైన్యములోనో పోలీసుశాఖలోనో కొలువుచేసినవారి యిండ్లలో వింతగాదు. దానిని చూడగనే ఒకరికి భయము, మఱియొకరికి ముచ్చట. తుప్పు కనబడినచో గరుకు కాగితమును వెదకువారును కలరు. ఈ మూడింటికంటెను ముందు చేయవలసినది వేఱొకటి యున్నది.

ఆయుధము వారసత్వముగా వచ్చును, లైసెన్సు రాదు. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ననుసరించి, లైసెన్సుదారు గతించిన పిమ్మట ఆ రివాల్వరును జాగుచేయక పోలీసుఠాణాలోగాని, లైసెన్సుగల వర్తకునియొద్దగాని అప్పగించి, వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు చేసికొనవలెను. తానే సంచిలో వేసికొని బయలుదేరక, ముందుగా ఠాణాకు తెలియజేయుట మంచిది. 2019లో జరిగిన సవరణవలన ఒక్కరియొద్ద రెండు తుపాకులకు మించి యుండరాదు. పెద్దలనుండి వచ్చినవియు ఆ లెక్కలోనివే.

లైసెన్సు చేతికి వచ్చినదనుకొందము. ఉదాహరణమునకు బర్మింగుహాములో చేసిన వెబ్లీ రివాల్వరును గైకొందము. దీని మొదటి రకమును బ్రిటిషు సైన్యము 1887లో స్వీకరించినది. ఆఱవ రకము 1915లో, మొదటి ప్రపంచ యుద్ధకాలమున వచ్చినది. ఎడమప్రక్కనున్న మీటను బొటనవ్రేలితో నొక్కి గొట్టమును క్రిందికి వంచినయెడల, ఆఱు తూటాలు పట్టు చక్రము పైకి తేలును. నక్షత్రమువంటి యొక బిళ్ల లేచి, లోపలి తూటాలను వెలికి నెట్టును. గుఱ్ఱముమీదనున్న రౌతు ఒక్క క్షణములో ఖాళీచేసికొనుట కిది యెంత అనుకూలమో చూడుడు!

కాని మన చేత పడినప్పుడు దానిలో తూటా ఉన్నదనియే భావింపవలెను. ముప్పది యేండ్లు పెట్టెలో నుండుటవలన తూటా తనంత తాను చల్లారిపోదు. గొట్టము మనుష్యులవైపు చూపరాదు, కాల్చుమీటపై వ్రేలుంచరాదు. ఆఱు గదులును కంటితో చూచినపిదపనే తక్కిన పని. తుప్పుపట్టి తెఱచుకొననిచో బలవంతము చేయక, లైసెన్సుగల తుపాకిపనివానికి వదలివేయుడు.

ఇక చదువుట. వస్త్రముతో తుడిచి, భూతద్దము పట్టి చూచినచో లోహమే మాటాడును. బాణపు ములికివంటి గుఱుతు ప్రభుత్వపు సొత్తని తెలుపును. అట్టి రెండు ములుకులు ఎదురెదురుగా మొనలు తాకుచున్నచో, సర్కారువారు దానిని విక్రయించి వదలుకొన్నారని యర్థము. తాతగారి చేతికది యెట్లు వచ్చినదోయను సందేహము కొంతవఱకు ఇచ్చటనే తీరవచ్చును. కిరీటముతోకూడిన గుఱుతులు పరీక్షాశాలవారివి. బర్మింగుహాము పరీక్షాశాల 1813లో నేర్పడినది. గరుకు కాగితముతో గీకువాడు చెఱుపునది ఈ సాక్ష్యమునే. మెఱుగుపెట్టించి క్రొత్త నల్లరంగు వేయించుటయు అట్టిదే.

కొన్నిటి చక్రము వెనుకభాగమును చెక్కి, అమెరికా సైన్యపు పాయింటు 45 తూటాలు పట్టునట్లు మార్చినారు. ఆ తూటా ఒత్తిడి వెబ్లీ తూటా ఒత్తిడికంటె చాల హెచ్చు, చక్రము పగులవచ్చును. కావున తూటా పట్టినంతమాత్రమున తగినదని యెంచరాదు. నిపుణుడు పరీక్షింపనిదే కాల్చకుండుటయే మేలు.

పూర్వపు తూటాల రంజకములో పొటాసియం క్లోరేటు ఉండెడిది. కాల్చినప్పుడది ఉప్పుగా మారి గొట్టములో నిలిచి, గాలిలోని తేమను పీల్చును, తుప్పునకు కారణమిది. ఉప్పు నూనెలో కరగదు, నీటిలో కరగును. అందుచేత అట్టి తూటా కాల్చినపిదప వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అటుపిమ్మట పలుచని యంత్రపునూనె పూయవలెను. కుట్టుమిషను నూనె చాలును. వంటనూనెలు కాలక్రమమున జిగురుకట్టును.

చివరకు తోలుసంచి. చూచుట కందముగనే యుండును గాని, తోలు తేమను పట్టియుంచును. పదునుపెట్టిన ద్రవ్యములు లోహమును తినును. మన సముద్రతీరపు ఊళ్లలో ఒక్క వర్షకాలము చాలును. సంచిని వేఱుగా దాచి, రివాల్వరును పొడివస్త్రములో చుట్టి తాళములో నుంచుడు. తూటాలు వేఱొక తాళములో నుండవలెను.